పన్నెండో ఎపిసోడ్

"టికెట్ తీసుకున్న్యావా?"

ముందు సీట్లోని అమ్మాయి తల తిప్పకుండానే అడిగింది. కడ్డీ పట్టుకుని ముందుకు వంగి ఉన్న ప్రవీణ్ గతుక్కుమన్నాడు.

"తీసుకున్న్యా. గార్లదిన్నె నుంచి అనంతపురానికి."

"బస్సుకు కాదప్పా, నా ఫోనుకు. ఎక్కినప్పట్నుంచి నా భుజం మీద నుంచి చూస్తాండావు కదా."

బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ప్రవీణ్ చెవులు ఎర్రబడ్డాయి. వేరే రోజైతే వెనక సీటుకు పారిపోయేవాడే. కానీ ఆ స్క్రీన్ మీద ఉన్నది వదిలిపెట్టి పోయేలాంటిది కాదు.

"అది 'ఏడో బావి' కదా? ఈ జిల్లాలో దాన్ని చూసేది నేనొక్కడే అనుకుంటాంటి."

ఆమె అప్పుడు తిరిగి చూసింది. కళ్ల నిండా నీళ్లు. అంటే ఇంతసేపూ ఏడుస్తూనే తిట్టిందన్నమాట. ఏడుస్తూ తిట్టగలిగిన మనిషిని ప్రవీణ్ అంతవరకు చూడలేదు. అక్కడే పడిపోయాడు పాపం, ఆ సంగతి అతనికి చాలా రోజుల తర్వాత తెలిసింది.

"ఏడో ఎపిసోడ్," అంటూ ఒక ఇయర్‌ఫోన్ అతని చేతికిచ్చింది. "మధ్యలో మాట్లాడితే లాక్కుంటా."

ఆ అమ్మాయి పేరు కృపాకుమారి. అనంతపురంలో నర్సింగ్ మూడో సంవత్సరం. ప్రవీణ్ డిగ్రీ అయిపోయి గ్రూప్స్ కోచింగ్‌కు పోతున్నాడు, లేదా పోతున్నానని ఇంట్లో చెబుతున్నాడు. మర్నాటి నుంచి ఎనిమిదింబావు బస్సులో వాళ్లిద్దరికీ ఒకే సీటు, ఒకే ఫోను, చెరో ఇయర్‌ఫోను.

'ఏడో బావి' ఒక జపాన్ యానిమే, బొమ్మల సీరియల్. వానలు లేని కొండ ఊరు, ఆ ఊరికి ఏడు బావులు. బావులు తవ్విన వాళ్ల ఇంటి పిల్ల కినూ. తవ్వేది వాళ్లే అయినా నీళ్లు చేదే తాడు మాత్రం వాళ్లు ముట్టుకోకూడదు. ఊరి పెద్ద కొడుకు తాకుకు ఆ పిల్లంటే ప్రాణం. ఏడో ఎపిసోడ్‌లో కినూ తాడు పట్టుకుంటే ఊరివాళ్లు ఆమెను పక్కకు తోసేస్తారు. తాకు అక్కడే నిలబడి, కడవలోకి చూస్తూ ఉండిపోతాడు.

పన్నెండు ఎపిసోడ్లు తీయాల్సింది, పదకొండుతో ఆపేశారు. జపాన్‌లో ఎవరూ చూడలేదట. బయటి దేశాల్లో మాత్రం జనం పిచ్చెక్కిపోయారు. కామెంట్లన్నీ స్పానిష్, అరబ్బీ, పోర్చుగీసు. జపాన్ భాషలో వెతికి వెతికి నాలుగు దొరికాయి. అందులో ఒకటి 'బోర్' అని.

"వాళ్ల సరుకు వాళ్లకే ఎందుకు నచ్చలేదంటావు?" అని ఒకరోజు ప్రవీణ్ అడిగాడు.

"నువ్వు చెప్పు ముందు. కోచింగ్ పోతాండావు కదా."

"ఆడ వాన ఎక్కువ. నీళ్ల కోసం ఏడ్చే కత వాళ్లకేం అర్థమవుతాది? మనకు అర్థమవుతాది. మా చీనీ చెట్లకు ట్యాంకర్‌తో నీళ్లు పోస్తాండాం, నాకు తెల్దా."

"అది కాదు." కృప కిటికీలోంచి ఎండిన వేరుశనగ చేలవైపు చూసింది. "వాళ్ల ఊరి కత కదా, వాళ్లకు సిగ్గయ్యింటాది. దూరమోళ్లకేం సిగ్గు? కూర్చోని బాగా ఏడుస్తారు, నీ మాదిరి."

"నేనేం ఏడ్చల్యా."

"చొక్కా చేయి చూసుకో. తడి ఆరలేదు."

ప్రవీణ్ చేయి వెనక్కి దాచుకున్నాడు. మాట మార్చడానికి తాకు మీద పడ్డాడు. "వాడేం మొగోడు? నోట్లో నాలుక లేదా? నేనైతే ఊరందరినీ కడిగేస్తాంటి."

"అంత సులభం కాదులే," అంది కృప.

పన్నెండో ఎపిసోడ్ ఎట్లా ఉండాలన్నది వాళ్ల రోజువారీ తగువు. ప్రవీణ్ లెక్కలో పెద్ద వాన, పెళ్లి, ఊరంతటికీ భోజనాలు. కృప ఒప్పుకునేది కాదు. "వానా వద్దు, పెళ్లీ వద్దు. వాడు తాడు తీసి కినూ చేతికిచ్చి పక్కన నిలబడితే సాలు."

ఒకరోజు మాటల్లో తెలిసింది, ప్రవీణ్ వాళ్ల చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, పాదులు తవ్వే కదిరమ్మ కృప తల్లేనని. కృప అయిదో క్లాసు నుంచి హాస్టల్లో ఉండటంతో ఆ పిల్లను అతను ఎప్పుడూ చూడలేదు.

"మీ తోటలో పాత బావి ఉండాది కదా, అది తవ్వినోళ్లలో మా నాయనకు నాయన, మా అబ్బ కూడా ఉన్న్యాడంట," అని ఆమె మామూలుగానే చెప్పింది. ప్రవీణ్ కూడా మామూలుగానే విన్నాడు. బస్సులో అది పెద్ద విషయంగా అనిపించలేదు. బస్సు ఇల్లు కాదు మరి.

నర్సింగ్ అయిపోయాక కృప బెంగళూరులో ఎనిమిది నెలలు జపాన్ భాష నేర్చుకుంది. జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది. ఫోన్లో చెప్పినప్పుడు ఆమె గొంతులో నవ్వు ఆగలేదు.

"పోయే ముందర ఆదివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న్యాం. శనివారం మా అమ్మతో కలిసి మీ ఇంటికొచ్చి చెప్పి పోతా."

"రా. నేనూ నీకొకటి చెప్పాల. మా నాయన ముందరే చెప్తా."

"ఏంది?"

"శనివారం చెప్తా కదా."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడగకపోవడంలోనే ఆమెకు అర్థమైందని అతనికి తెలిసి, ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. చెప్పాల్సిన మాట చెట్లకు వినిపిస్తూ తిరిగాడు. నాయనా, నాకు ఈ పిల్లంటే ఇష్టం. అంతే, ఒకటే ముక్క.

శనివారం వసారాలో తండ్రి బయ్యన్న పేపరు చదువుతున్నాడు. కదిరమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. కృప మెట్ల దాకా వచ్చి నమస్కారం పెట్టి జపాన్ సంగతి చెప్పింది.

"మంచిది పాపా. బాగా చదువుకుంటివి," అన్నాడు బయ్యన్న, నిజంగానే సంతోషపడి.

ప్రవీణ్ గొంతు సవరించుకున్నాడు. అంతలో తల్లి బయమ్మ టీ తెచ్చింది. తండ్రికో కప్పు, కొడుక్కో కప్పు. తర్వాత కృప వైపు తిరిగి, కసురుకోకుండా, ఎంతో ఆప్యాయంగా అంది.

"ఆ గూట్లో గ్లాసు ఉండాది చూడు పాపా, తెచ్చుకో. పోస్తా."

బయట కొళాయి పక్కన గోడ గూట్లో ఒక స్టీలు గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉంటుంది. ప్రవీణ్ పుట్టినప్పటినుంచీ అక్కడే ఉంది. అది ఎవరి కోసమో అతను అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కృప అతని వైపు చూసింది. ఒక్కసారే.

ప్రవీణ్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆమె గ్లాసు తెచ్చుకుంది. బయమ్మ పైనుంచి టీ పోసింది. కృప కింది మెట్టు మీద కూర్చుని, చుక్క మిగల్చకుండా తాగి, కొళాయి కింద గ్లాసు కడిగి, మళ్లీ గూట్లో బోర్లించింది. "పోయొస్తామమ్మా," అని తల్లితో కలిసి బయటికి నడిచింది.

ప్రవీణ్ గేటు దాకా పరిగెత్తాడు. "కృపా, నేను చెప్పాలనుకున్న్యా..."

"తాకు ఏం మొగోడు అంటివి కదా ప్రవీణ్," అందామె. గొంతులో కోపం లేదు. "అంత సులభం కాదని నేను అప్పుడే చెప్పినా."

ప్రార్థనకు అతను వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు?

రెండేళ్లు గడిచాయి. అతను మెసేజ్‌లు పెడితే రెండింటికొక జవాబు వచ్చేది. బాగుండా. డ్యూటీ. నువ్వెట్లుండావు. కోచింగ్ మానేసి ప్రవీణ్ తోట చూసుకుంటున్నాడు. ఆ ఏడు కూడా జూన్ ఒట్టిగా పోయింది. జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ట్యాంకర్ పైపు పట్టుకుని చెట్లకు నీళ్లు పెడుతుండగా ఫోను మోగింది.

"ఏం చేస్తాండావు?"

రెండేళ్ల తర్వాత ఆ గొంతు. ప్రవీణ్ పైపు కింద పెట్టేశాడు. "చెట్లకు నీళ్లు. నువ్వు?"

"సెలవు. ఈడ పదైదు దినాల నుంచి వాన విడవలేదు. విను."

ఆమె ఫోను కిటికీ బయట పెట్టినట్టుంది. ఎక్కడో వేల మైళ్ల దూరంలో పడుతున్న వాన, పగుళ్లిచ్చిన పాదుల మధ్య నిలబడ్డ అతని చెవిలో కురిసింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"'ఏడో బావి' గురించి ఈడ ముప్పైమందిని అడిగినా," అంది కృప మళ్లీ ఫోనులోకి వచ్చి. "ఒక్కరికీ తెల్దు. మా ఆశ్రమంలో ఒక అవ్వ ఉండాది, ఎనబైయారేండ్లు. ఆయమ్మకు ఏడో ఎపిసోడ్ చూపిచ్చినా. సగంలో ఆపెయ్యమనె. మా చిన్నప్పుడు మా ఊర్లో ఇట్లే ఉండె, చూడలేనమ్మా అనె."

"అయితే నీ మాటే కరెక్టు."

"కరెక్టే. ఆ అవ్వ నేను టీ చేస్తేనే తాగుతాది. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి కృపా-సాన్, అంటే కృపగారూ అంటాది. మొదట్లో ఆ మాటకు నాకు ఏడుపు వస్తాండె."

ప్రవీణ్ రెండేళ్లుగా మోస్తున్న మాట ఇక ఆగలేదు. "కృపా, నువ్వంటే నాకు ప్రాణం. ఆ దినం చెప్పల్యాకపోతి. తిరిగి రా. నాయనతో, అమ్మతో నేను మాట్లాడతా."

అవతల కిటికీ మూసిన చప్పుడైంది, వాన వెనక్కి పోయింది.

"నాకూ నువ్వంటే ఇష్టమే. అదే కదా నా బాధ. ఆ దినం పెండ్లి చేసుకుంటానని చెప్పమన్న్యానా? ఇంకో కప్పు తేమ్మా అనింటే సాలు నాకు."

"తప్పు నాదే."

"నేను రాను ప్రవీణ్. ఇంకో అయిదేండ్లు ఉండేదానికి పరీచ్చ రాసినా, పాసయినా. ఈడ నేను ఎవురింట్లోనైనా కుర్చీ లాక్కోని కూర్చోగలను. అది వదిలిపెట్టి యాడికి రావాల?"

"నేనేం చెయ్యాల మరి?" అన్నాడు ప్రవీణ్.

"నాకోసమా? ఏం వద్దు. మా అమ్మ ఇంకా మీ తోటకే వస్తాండాది కదా."

మర్నాడు పది గంటలకు టీ వేళయింది. ప్రవీణ్ వంటింట్లోకి పోయి అలమారలోంచి నాలుగో కప్పు తీశాడు.

"అదెవురికిరా?" అంది బయమ్మ.

"కదిరమ్మత్తకు."

ఇన్నేళ్లలో ఆమెను అతను అత్తా అని పిలవలేదు. బయమ్మ చేతిలో వడపోసే గుడ్డ అట్లాగే ఉండిపోయింది. వసారాలో పేపరు మడిచిన చప్పుడైంది.

ప్రవీణ్ వసారాలో కుర్చీ వేసి, టీకి వచ్చిన కదిరమ్మను చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. మట్టి చేతులతో కప్పు పట్టుకోవడానికి ఆమె భయపడింది. "వద్దు ప్రవీణప్పా. నాకా గ్లాసే అలవాటు."

"అది ఇప్పుడు నాది అత్తా," అంటూ గూట్లోని గ్లాసు తెచ్చి, అందులో టీ పోసుకుని, కింది మెట్టు మీద కూర్చుని తాగాడు. ఆ స్టీలు అంచు పెదవులకు తగిలినప్పుడు కృప చూసిన ఆ ఒక్క చూపు గుర్తొచ్చింది.

తాగేసి కదిరమ్మ అలవాటుగా కొళాయి వైపు లేచింది. బయమ్మ గుమ్మంలోకి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు. "ఇట్లియ్యి," అని కప్పు తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి ప్రవీణ్ లోపలికి తొంగి చూశాడు. ఆ కప్పు కడిగి, మిగతా మూడింటి మధ్యన బోర్లించి ఉంది.

కదిరమ్మ కూతురికి ఫోన్ చేసి చెప్పినట్టుంది. సాయంత్రం మెసేజ్ వచ్చింది.

"పన్నెండో ఎపిసోడ్ చూసినా. బాగుండాది."

ప్రవీణ్ 'తర్వాత?' అని టైపు చేసి, చెరిపేశాడు. కథ అక్కడే అయిపోవాలని ఆమె బస్సులో ఎన్నిసార్లు చెప్పిందో అతనికి తెలుసు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. గేటు దగ్గర ట్యాంకర్ హారన్ కొట్టింది. అతను పైపు భుజాన వేసుకుని తోటలోకి నడిచాడు. ఏడ్చినా ఆ చెట్ల మధ్య ఎవరూ చూడరు.