అమ్మ తగ్గించుకున్న లిమిట్

సాన్ ఆంటోనియోలో ఆ శుక్రవారం పొద్దున్న ఒఫేలియా పెనం మీద గోధుమ రొట్టెలు కాలుస్తోంది. కూతురు యెసేనియా కాఫీ తాగుతూ ఫోను వైపే చూస్తోంది. అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. రెండు వీధుల అవతల చూసుకున్న చిన్న ఇంటికి లోను ఈ రోజు ఖాయం కావాలి.

ఫోను మోగింది. లోను చూసే త్రెవీన్యో.

"అమ్మాయ్, క్రెడిట్ స్కోరు ఆరువందల నలభై ఉండాలి కదా. నిన్న తీస్తే నీది ఆరువందల పదకొండు వచ్చింది."

"నేను కొత్తగా ఏమీ కొనలేదండీ."

"మీ అమ్మగారి క్రెడిట్ కార్డు మీద నీ పేరు కూడా ఉంది చూడు, తేడా అక్కడ. ఎనిమిది వేల డాలర్ల లిమిట్ రెండు వేలైంది. అందులో పందొమ్మిది వందలు వాడి ఉన్నాయి. ఇదివరకు పావు వంతే వాడినట్టు కనిపించేది, ఇప్పుడు అంచుదాకా వాడేసినట్టుంది. బాకీ పెరగకపోయినా స్కోరు పడిపోతుంది. పాత లిమిట్ తిరిగి వచ్చినట్టు బ్యాంకు కాగితం పంపు, స్కోరు మళ్లీ తీయిస్తాను. సోమవారం దాకా ఆగగలను."

యెసేనియా ఫోను పెట్టేసింది.

"అమ్మా, నీ కార్డు లిమిట్ బ్యాంకు ఎందుకు తగ్గించింది?"

"వాళ్లు కాదు. నేనే తగ్గించమన్నాను."

ప్రతి ఏడూ ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో ఒఫేలియా ఏదో ఒకటి వదులుకుంటుంది. ఒక ఏడు కాఫీ, ఒక ఏడు టీవీ సీరియళ్లు. ఈ ఏడు కూతురికి ఇల్లు దక్కాలని మొక్కుకుని, అప్పు చేసే వీలునే వదులుకుంది. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిదతోనే బ్యాంకుకి ఫోను చేసింది.

"నాకు కొంచెం చాలు అనేవాళ్లని బ్యాంకు మెచ్చుకుంటుందనుకున్నానే."

"మెచ్చుకోడానికి బ్యాంకేమైనా మన చర్చి ఫాదరా? మిఠాయిలు మానేస్తే సరిపోయేదిగా."

"మిఠాయిలు రెండేళ్ల కిందటే మానేశాను. షుగరుంది."

యెసేనియా నవ్వలేదు. "నన్నొక్క మాట అడగాల్సింది. నీ భక్తికి నా ఇల్లు పోతోంది."

ఒఫేలియా పెనం దించింది. పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుంది. కార్డు వెనకున్న నంబరు నొక్కింది. చెవి సరిగ్గా వినపడదని స్పీకరు పెట్టింది.

"మూడు వారాల కిందట మీరే తగ్గించమన్నారు కదమ్మా?" అన్నాడు బ్యాంకు మనిషి.

"అన్నాను బాబూ. తెలియక తప్పు చేశాను. మళ్లీ ఎనిమిది వేలు చెయ్యి."

"పరిశీలించాలమ్మా. ఉద్యోగం?"

"బడి వంటగదిలో. పదిహేడేళ్లుగా."

కాసేపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత అతని గొంతు మారింది. "పదహారేళ్ల ఖాతా. ఒక్క వాయిదా కూడా ఆలస్యం లేదే."

"మా ఆయన పోయిన నెల కూడా కట్టాను. ఆయన్ని సమాధి చేసిన రోజు పొద్దున్నే చెక్కు రాశాను."

ఆ పొద్దున యెసేనియాకి గుర్తుంది. అప్పుడు తనకి పద్నాలుగేళ్లు. నల్ల గౌను వేసుకుని అమ్మ బల్ల దగ్గర ఏదో రాస్తుంటే, "బయట అందరూ ఎదురుచూస్తున్నారు, ఇప్పుడేం రాతలు" అని తనే విసుక్కుంది. పద్దెనిమిదో ఏట అమ్మ తన పేరు ఆ కార్డులో చేర్పించింది. ఇన్నాళ్లూ నా స్కోరు, నా స్కోరు అని తను మురిసిపోయింది. దానికింద ఉన్నవి అమ్మ నెలనెలా కట్టిన వాయిదాలు, అమ్మ చెక్కులు.

"పెంచేశానమ్మా. కాగితం ఈ రోజే ఈమెయిల్లో వస్తుంది. కార్డు మీద రెండో పేరు ఎవరిది?"

"మా అమ్మాయిది."

"అదృష్టవంతురాలు."

"ఆ మాట ఇప్పుడనకు బాబూ. పొద్దున్నుంచీ నా మీద కోపంగా ఉంది."

యెసేనియా వెనకనుంచి వచ్చి అమ్మ భుజం మీద మొహం ఆనించింది. తుడిచినా ఇంకా పిండి వదలని ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, ఫోను వైపు వంగింది.

"కోపం లేదండీ," అంది. "ఆ రెండో పేరు నాదే. మొదటి పేరు కింద ఉన్నందుకే నాకు ఇల్లొస్తోంది."