ఊడలు దిగే వేళ

మధ్యాహ్నం బడిలో పెట్టిన గోధుమ నూక ఉప్మా సగం తిని, బయమ్మ చేను వైపు పరుగెత్తింది. బడి గోడ దాటితే వాళ్ళ చేనే. వేరుశనగ పైరు పసుపు పూలు పూసి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. గట్టు పక్కనున్న ఒక చెట్టును పట్టుకొని లాగింది. వేళ్ళతో సహా వచ్చింది. కొమ్మలకు సన్నటి దారాల్లాంటివి వేలాడుతున్నాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

చెట్టును మళ్ళీ గుంటలో నిలబెట్టి, మట్టి అదిమి, బడికి వెళ్ళిపోయింది. నిన్నా ఇలాగే చేసింది. మొన్నా అంతే.

వానలు సరిగ్గా లేవు. ఈసారి కాయ పడకపోతే బెంగళూరుకు కూలికి పోక తప్పదని, బయమ్మనూ బడి మాన్పించి తీసుకుపోతానని నాయన ముత్యాలప్ప అవ్వతో చెబుతుంటే బయమ్మ విన్నది. అప్పుడు నాయన గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. అలసట ఉంది.

పోయినేడు గొర్రు వెనక నడిచి విత్తనం పోసింది అమ్మ. ఎండాకాలంలో అమ్మ చనిపోయింది. ఈ ఏడు బయమ్మ పోసింది. తను పోసిన గింజలు కాస్తాయో లేదో తెలియక ఆమెకు తిండి సహించడం లేదు.

సాయంత్రం బడి వదిలాక చూస్తే, నాయన గట్టు మీద కూర్చొని ఉన్నాడు. వాడిపోయిన చెట్లు చేతిలో ఉన్నాయి. వేరుపురుగు పడినట్టుందని, ఇక చేను దక్కేట్టు లేదని నెమ్మదిగా అన్నాడు. తలెత్తి ఆమె వైపు చూడలేదు.

బయమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"పురుగు కాదు నాయనా. నేనే పెరికినా."

"యాలమ్మా?"

"కాయ పడిందేమో చూడల్లని."

ముత్యాలప్ప కొట్టలేదు, తిట్టలేదు. చెట్లను పక్కన పెట్టి, గట్టు అంచున బోర్లా పడుకోమన్నాడు. తానూ పక్కనే పడుకొని ఒక చెట్టు ఆకులు మెల్లగా పక్కకు జరిపాడు.

వాడిన పువ్వు దగ్గర నుంచి ఊదారంగు దారం ఒకటి కిందికి వంగి ఉంది. దాని మొన నేలను తాకి, కాస్త లోపలికి దిగింది. రాత్రి పడిన తుంపరకు అక్కడ మన్ను మెత్తబడి ఉంది.

"ఇది ఊడ. పూసేది పైన, కాసేది లోపల. ఇప్పుడు ఊడలు దిగుతాండాయి. చెట్టును కదిలిస్తే తెగిపోతాయి. అందుకే ఈ దినాల్లో కలుపు తీసే గుంటక కూడా తోలం."

బయమ్మ చెంప నేలకు ఆనించి సాలు పొడవునా చూసింది. ప్రతి చెట్టు కిందా ఊడలే. కొన్ని నేలలోకి దిగాయి. కొన్ని ఇంకా గాలిలో ఉన్నాయి. అన్నీ కిందికే వంగి ఉన్నాయి. అటు గుట్ట దాకా ఇన్ని చెట్లు, ఇన్ని ఊడలు, చిన్న చప్పుడైనా లేకుండా మన్నులోకి పోతున్నాయి. ఆమె ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. బెంగళూరు కాసేపు గుర్తుకే రాలేదు.

"కిందికి పోవల్లని దానికెట్ల తెలుసు నాయనా?" గొంతు తగ్గించి అడిగింది.

నాయన పక్కకు జరిపిన ఆకులను మెల్లగా మళ్ళీ సర్దాడు.

"నాకూ తెలీదమ్మా. ఇన్నేండ్లుగా చూస్తానే ఉండా."

వెలుతురు పోయేదాకా ఇద్దరూ లేవలేదు.

మరునాడు మధ్యాహ్నం, తరగతిలో ఆమె వెనక కూర్చునే మద్దిలేటి కూడా చేను దగ్గరికి వచ్చాడు. బెంగళూరు పోతే కన్నడం మాట్లాడాలని, అక్కడ ఆమెను అందరూ ఎగతాళి చేస్తారని బడి గోడ దాటేదాకా ఏడిపించాడు. వచ్చీ రాగానే ఒక చెట్టు మొదలు పట్టుకున్నాడు.

"ఒకటి పెరికితే సరి. పోతారో, ఈడే ఉంటారో తెలిసిపోతుంది గదా."

బయమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వదులప్పా. అవి దిగుతాండాయి."

"ఏవి?"

బోర్లా పడుకోమంది. నవ్వుతూనే పడుకున్నాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

బడి గంట కొట్టారు. మద్దిలేటి చేనుకు అడ్డంగా పరుగు తీయబోయాడు. బయమ్మ అతని చొక్కా పట్టుకొని ఆపి, గట్టు వెంబడి చుట్టూ తిప్పి తీసుకుపోయింది.

"ఇంతకీ కాయ పడిందా?" నడుస్తూ అడిగాడు.

"చూళ్లేదు," అంది బయమ్మ.