చప్పుడు చేయని బంతి

"నా పుస్తకం మీద గోల్ కొట్టమని ఎవుడు సెప్పాడు నీకు?"

చింతపల్లి జీపు స్టాండు పక్కన, ఫల్గుణ కాఫీ కొట్టు ముందు ఓ అమ్మాయి నిలబడింది. ఒక చేతిలో డీఎస్సీ గైడు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ బంతి. పేరు హేమలత. జి.మాడుగుల అవతల కొండ మీద వాళ్ల ఊరు. అక్కడ సిగ్నల్ రాదని, ఆన్‌లైన్ క్లాసుల కోసం కొట్టు పక్క గదిలో అద్దెకు దిగింది.

ఫల్గుణ నోరు తెరిచాడు. అందులో ఆ బంతి పెట్టేసినా తెలిసేది కాదు పాపం. ఆమె కళ్లు అలా ఉన్నాయి.

"కిటికీలోంచి వచ్చిందాండి?"

"లేదు, టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది! పది రోజుల్లో ఎగ్జామ్. పొద్దస్తమానం టకటకా టకటకా! ఈసారి పోతే మా అయ్య సదువు సాలంటాడు."

తప్పంతా టేబుల్ ఫుట్‌బాల్ బల్లది. మూతపడిన ఓ రిసార్టు నుంచి ఫల్గుణే తెచ్చి, కొట్టు ముందు వేశాడు. కడ్డీలకు గుచ్చిన బొమ్మలను తిప్పుతూ జీపు డ్రైవర్లు దాన్ని వదలరు. ఆట ఆపితే కొట్టు ఖాళీ. ఆపకపోతే ఈ అమ్మాయి చదువు మట్టి.

"ఆట ఆపను. సప్పుడు ఆపుతాను" అన్నాడు.

"బంతి నోరు నొక్కుతావేటి?"

"నొక్కుతాను. మీరు సదూకోండి, టీచరమ్మా."

"ఇంకా అవలేదు!"

"అవుతారు కదా."

ఆమె విసవిసా వెళ్లింది. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. అంతే, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

మర్నాడు పింగ్‌పాంగ్ బంతి తెచ్చాడు. మరీ తేలిక. మంగ్లు డ్రైవరు తుమ్మితే గోల్ అయిపోయింది. తరువాత రబ్బరు బంతి. బొమ్మ తన్నగానే బల్ల దాటి ఘాట్ రోడ్డెక్కి, మొదటి మలుపులో హారన్ కొట్టి మరీ దిగిపోయిందని మంగ్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

"బరువుండాలి, జారకూడదు, అరవకూడదు. ఎతుకుతున్నది బంతినేనా, పిల్లనా?" అన్నాడు మంగ్లు.

ఆ సాయంత్రం ఇంట్లో, తాత సోంబరు జీలుగు చెట్ల కల్లు పట్టే బుర్రలు వేలాడుతున్నాయి. ఎండిన ఆనపకాయ బుర్రలు, వాటి మూతికి బెండు బిరడాలు. ఫల్గుణ ఒక బిరడాను గోటితో నొక్కాడు. మెత్తగా దిగింది. గుండ్రంగా చెక్కి, బరువు కోసం నడుమ సోడా గోళీ పెట్టి, లక్కతో అతికి, మైనం రుద్దాడు. బల్ల మీద వదిలితే పిల్లిలా నడిచింది.

మొదటి బంతిని హేమలత కిటికీలో పెట్టాడు. ఆమె దాన్ని నేల మీద జారవిడిచింది. చెవి ఒగ్గి విన్నది. నవ్వింది.

పది రోజులూ డ్రైవర్లు అరవని బంతులతోనే ఆడారు. గోల్ పడితే అరవబోయి, ఒకరి నోరు ఒకరు మూసుకున్నారు.

"ఒరే గుంటడా, నా బిరడాలేవిరా?" అని ఇంట్లో మాత్రం సోంబరు గోల.

"ఆడుకుంటన్నాయి తాతా!"

పరీక్ష రాసి హేమలత ఊరెళ్లిపోయింది. ఎండాకాలంలో ఓ రోజు, మబ్బు పట్టి నాలుగు చినుకులు పడుతుండగా జీపు దిగింది.

"పోస్టు వచ్చింది. హుకుంపేట."

"నే సెప్పలేదా, టీచరమ్మా!"

"నువ్వు ఇచ్చిన పది రోజులే నా ఉద్యోగం. థాంక్సంటే సిన్నమాట అయిపోద్ది."

"నేనే సెప్పాలి. మీరు తిట్టకపోతే ఆ బిరడా బిరడాలాగే ఉండిపోయేది. నేనూ అంతే."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మా అయ్యకి నీ సంగతి సెప్పాను. మాటకి ఎప్పుడొస్తారు?"

ఆ కొండల్లో పెళ్లి మాట కదపాలంటే మగపిల్లాడి పెద్దలు కల్లు బుర్రతో వెళ్లాలి. అవతలివాళ్లు అందుకుంటే ఒప్పుకున్నట్టే.

కొట్టు వెనక నుంచి సోంబరు బుర్ర చంకన పెట్టుకునే వచ్చాడు. "నేను తయారే, బుల్లీ! బిరడాయే లేదు. ఈడు అన్నీ సెక్కేసాడు. జీపు కుదుపుకి మీ ఊరొచ్చేసరికి కాళీ బుర్ర మిగుల్తాది."

హేమలత సంచి తెరిచింది. పరీక్ష రోజు కూడా వెంట ఉంచుకున్న మొదటి బంతిని తీసి, బుర్ర మూతిలో పెట్టి అరచేత్తో నొక్కింది. బిగిసిపోయింది.

"బేగి పద తాతా. అయ్య ఎదురుసూత్తన్నాడు."

సోంబరు బుర్రను బోర్లించి చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

కారింది ఫల్గుణ కంట్లోంచే.