హార్కర్ ముక్కు మీది రాళ్ళు

అక్టోబరు చివరి శనివారం ఉదయం హార్కర్ కొండ కింద కార్లు నిలిపే చోట నాలుగంటే నాలుగే కార్లున్నాయి. మేవిస్ ఎల్వుడ్ తమ కారు వెనక అంచున కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. ఆమె భర్త సిరిల్ అప్పటికే తయారై, మెడలో వేలాడే కళ్ళజోడు ముక్కుకి తగిలించి మ్యాపు చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎక్కుతున్న కొండకి మ్యాపు ఎందుకో ఆయనకే తెలియాలి. ఫ్లాస్కులో టీ, కాగితంలో చుట్టిన మాంసం రొట్టెలు, రెండు యాపిల్ పళ్ళు సంచిలో పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు.

సిరిల్ ఊరి కాలిబాటల సంఘానికి పెద్ద. విరిగిన కంచె దాటే మెట్లు బాగుచేయడం, దారికి అడ్డం పడ్డ ముళ్ళకంపలు నరకడం, ఉండకూడని చోట ఉన్న రాళ్ళగుట్టల్ని పడగొట్టడం ఆ సంఘం పని. కొండ మీద పొగమంచు కమ్మితే నడిచేవాళ్ళకి దారి చూపేవి గుట్టలే. ఒక గుట్ట దగ్గర నిలబడి ఇంకో గుట్టని వెతుక్కుంటూ దిగిపోతారు. కాబట్టి తప్పు చోట ఉన్న గుట్ట మనిషిని తిన్నగా చావుకి తీసుకెళ్తుంది. సరదాకి రాయి మీద రాయి పేర్చి ఫోటో తీసుకుపోయేవాళ్ళంటే సిరిల్‌కి ఒళ్ళు మంట.

కొండ అంచు ఒకచోట ముక్కులా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. లోయంతా, లోయలో నదంతా కనబడే చోటు అది. దాని కొసన, దారికి బాగా దూరంగా, ఒక గుట్ట ఉండేది. ఫిబ్రవరిలో ఇద్దరు కుర్రాళ్ళు మంచులో దాన్ని నమ్మి నడిచారు. ఒకడికి నడుము విరిగింది, ఇంకొకడు ఇప్పటికీ మాట్లాడడం లేదు. దాన్ని తీసేయాలని సంఘం తీర్మానించింది. ఏప్రిల్‌లో సిరిల్ అరవై రాళ్ళు పీకి ఉత్తరం వైపు అగాధంలోకి విసిరేశాడు. జూన్‌లో చూస్తే మళ్ళీ ఉంది. ఈసారి తొంభై విసిరాడు. ఇప్పుడు మళ్ళీ లేచిందని, ఛాతీ ఎత్తు ఉందని కబురొచ్చింది.

మేవిస్‌కి ఆ గుట్ట ఉంటే ఏమిటి, పోతే ఏమిటి. రెండేళ్ళ కిందట సిరిల్ గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. అప్పటినుంచీ ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఆమె దృష్టంతా ఆయన ఊపిరి మీదే. ఇదే ఆఖరి గుట్ట, ఇక సంఘం పని వేరేవాళ్ళకి అప్పగిస్తానని ఆయన మాటిచ్చాడు. ఇవాళ్టికి ఈయన్ని క్షేమంగా కిందికి దించుకుపోతే చాలు అనుకుంది ఆమె.

పొలం గేటు దగ్గర ముసలి మెట్‌కాఫ్ గొర్రెకాలు పట్టుకుని డెక్క చెక్కుతున్నాడు. గుట్ట మళ్ళీ మళ్ళీ కట్టేది అతనేనని సిరిల్ నమ్మకం. తన పొలంలోంచి జనం నడిచిపోవడం మెట్‌కాఫ్‌కి ఏనాడూ గిట్టలేదు కదా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం సిరిల్.

"బాగానే కట్టావట పెద్దాయనా, ఛాతీ దాకా వచ్చిందట," అన్నాడు గేటు తీస్తూ.

మెట్‌కాఫ్ గొర్రెని వదల్లేదు. "నేనా? ఈ వేళ్ళతో చొక్కా గుండీ పెట్టుకోలేక మా కోడలి చేత పెట్టించుకుంటున్నాను. అది మా తాత పుట్టకముందు నుంచీ ఉంది." కాస్త ఆగి అడిగాడు. "పీకినవి ఎక్కడ వేశావు?"

"అగాధంలోకి. నీ మనవలు ఏరుకు రాకుండా."

ముసలాయన గొర్రెకాలు వదిలేసి తల పైకెత్తి సిరిల్‌ని చూశాడు. గేటు మూసి వెళ్ళమని మాత్రం అన్నాడు.

పైకి చేరేసరికి పదకొండున్నర అయింది. ఎండిన ఫెర్న్ ఆకుల వాసన, తడి మట్టి వాసన. లోయలో ఎండ కాస్తోంది. పడమటి వైపు నుంచి మంచు తెల్లగా, మెల్లగా పాకి వస్తోంది. ముక్కు కొసన గుట్ట నిలబడి ఉంది. ఎవరో తాపీగా కూర్చుని పేర్చినట్టు, కింద పెద్దవి, పైన చిన్నవి, మధ్య సందుల్లో చీలికలు. కింది రాళ్ళ మీద పచ్చటి నాచు ఉంది. జూన్‌లో పడగొట్టిన గుట్టకి అక్టోబరులో అంత నాచు ఎలా పట్టిందా అని మేవిస్ అనుకునేలోపే సిరిల్ సంచి దించి చేతులకి తొడుగులు వేసుకున్నాడు.

అలవాటు ప్రకారం అంచుకి వెళ్ళి "కింద రాళ్ళు!" అని కేకేశాడు. ఆ వైపు దారి లేదు, మనిషి ఉండడు. అయినా కేకేశాకే మొదటి రాయి విసిరాడు. అది బండల మీద టకటకమని తగులుకుంటూ దిగిపోయింది. రెండోదీ అంతే. మేవిస్ ఫ్లాస్కు తీసి టీ పోసింది. మంచు వచ్చి ముందు లోయని, తర్వాత కొండవాలుని, తర్వాత అంచుని మింగేసింది. చివరికి సిరిల్, గుట్ట, ఆమె, పది అడుగుల గడ్డి మిగిలాయి.

సిరిల్ విసురుతూనే ఉన్నాడు. ఇరవయ్యో రాయి కాబోలు, పడిన చప్పుడు వినబడలేదు. ఆ తర్వాతిదీ వినబడలేదు.

"సిరిల్, ఇక చాలు. మంచు చిక్కబడింది, పోదాం."

"సగం వదిలేస్తే రేపటికి మళ్ళీ కడతాడు," అన్నాడు ఆయన రొప్పుతూ.

అప్పుడు కోడిగుడ్డంత రాయి ఒకటి వచ్చి ఆయన కాలి దగ్గర పడింది.

ఇద్దరూ దాన్నే చూశారు. తడిగా ఉంది. ఇంకొకటి వచ్చి సిరిల్ మోచేతికి తగిలింది. ఆయన "అబ్బా" అని చెయ్యి పట్టుకుని, మంచులోకి చూసి, మెట్‌కాఫ్ పేరు పెట్టి తిట్టాడు. పోలీసులకి పట్టిస్తానన్నాడు, మనవలతో సహా జైల్లో కూర్చోబెడతానన్నాడు.

మూడోది ఆయన నోటికి తగిలింది.

కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. సిరిల్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం, రక్తంతో పాటు పళ్ళు. నాలుగోది చెవిని సగానికి చీల్చింది. మేవిస్ టీకప్పు వదిలేసి పరిగెత్తింది. అప్పుడు చూసింది... రాళ్ళు అగాధం వైపు నుంచి వస్తున్నాయి. పైనుంచి పడడం లేదు. పది అడుగుల దూరంలో నిలబడి ఎవరో విసిరినట్టు తిన్నగా వస్తున్నాయి. అటు పది అడుగుల దూరంలో నేల లేదు.

ఆయన్ని గుట్ట వెనక్కి లాగింది. అక్కడికీ వచ్చాయి. మోకాలి చిప్ప పగిలి సిరిల్ కూలిపోయాడు. ఆమె ఆయన మీద పడుకుంది. తనకి తగిలితే తగలనీ అనుకుంది. ఒక రాయి ఆమె జబ్బకీ ఆయన పక్కటెముకలకీ మధ్య ఉన్న సందులోంచి దూరి వెళ్ళి లోపల ఎముకని విరిచింది. ఆమె చర్మం మీద గీత కూడా పడలేదు.

ఆమె ఒక్క రాయీ విసరలేదు... అందుకు.

ఆ సంగతి అర్థమయ్యాక ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఇవాళ్టివి ఇరవైకి పైనే. ఏప్రిల్‌వి అరవై. జూన్‌వి తొంభై.

మెడలోని ఈల నోట్లో పెట్టుకుంది. కొండ మీద ఆపదకి ఆరుసార్లు ఊదాలి. ఊదింది. ఎక్కడో చాలా కింద నుంచి మూడుసార్లు జవాబు వచ్చింది. మనుషులున్నారు, వస్తారు, కానీ గంట పడుతుంది. ఇంకో రాయి వచ్చింది. సిరిల్ అరవలేదు, మూలిగాడు.

ఏం తోచిందో, ఆమె పక్కన పడ్డ రాయి తీసి, ఆయన పీకేసిన చోట, గుట్ట మీద పెట్టింది.

ఆగిపోయింది.

గాలి చప్పుడు. సిరిల్ ఊపిరి గురగుర. ఆమె ఇంకొకటి పెట్టింది... రాలేదు. ఇంకొకటి... రాలేదు. గోళ్ళు చిట్లుతున్నాయి, అయినా కింద పెద్దవి, పైన చిన్నవి, ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకుంటూ పేర్చింది. నడుము దాకా వచ్చింది. దేవుడా, ఇంకొక్క అడుగు ఎత్తు.

వెనక గడ్డి మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. సిరిల్. ఒక కన్ను మూసుకుపోయింది. దవడ పక్కకి జారింది. మోచేతుల మీద పాక్కుంటూ వస్తున్నాడు.

"కట్టకు," అన్నాడు. మాట రక్తంలో మునిగి వచ్చింది. "వాడికి... లొంగకు."

"ఇక్కడ మెట్‌కాఫ్ లేడు సిరిల్. నోరు మూసుకుని పడుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆమె మాట విన్నది తక్కువ. మంచి కాలు ముడిచి, ఉన్న సత్తువంతా పెట్టి గుట్టని తన్నాడు. అది కూలింది. పైరాళ్ళు నాలుగు దొర్లుకుంటూ వెళ్ళి అంచు దాటాయి.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మంచులోకి చూస్తూ ఉండిపోయారు.

ఈసారి ఒకటొకటిగా రాలేదు.

ఎంతసేపో ఆమెకి తెలియదు. చప్పుడు మాత్రం గుర్తుంది, తడిగోనె మీద దుడ్డుకర్రలతో బాదుతున్నట్టు. ఆయన వేళ్ళు ఆమె వేళ్ళని నలిపేసేంత గట్టిగా పట్టుకున్నాయి. తర్వాత పట్టుకోలేదు. అయినా రాళ్ళు ఆగలేదు. లెక్క తీరేదాకా ఆగలేదు.

రక్షకదళం వాళ్ళు పైకి వచ్చేసరికి మంచు విడిపోయి లోయలో మళ్ళీ ఎండ కాస్తోంది. మేవిస్ గుట్ట మీద ఆఖరి రాయి పెడుతోంది. పేర్చిన రాళ్ళు సగం ఎర్రగా ఉన్నాయి. పక్కన సిరిల్ ఉన్నాడు. ముందు వచ్చిన వ్యక్తి తన కోటు విప్పి ఆయన ముఖం మీద కప్పాడు. కప్పడానికి అక్కడ ముఖమంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు.

కనీసం ఆరుగురు కలిసి కొట్టి ఉంటారని డాక్టరు చెప్పాడు. కొండకొసన రాళ్ళు మీద పడడానికి అంతకంటే ఎత్తైన చోటు లేదని పోలీసు నివేదికలో రాశారు. ఆమె చిట్లిన గోళ్ళని ఫోటోలు తీశారు. ఆమె మీద అనుమానం లేదని ఎవరూ అనలేదు, ఉందనీ అనలేదు. ఓగ్డెన్ అనే యువ కానిస్టేబుల్ ఒక్కడే ఆమెతో మనిషిలా మాట్లాడాడు, దుప్పటి కప్పాడు, ఆమె తాగేదాకా టీకప్పు పట్టుకున్నాడు. ఆ తర్వాత గుట్టలోంచి రక్తం అంటిన రాళ్ళు పదకొండు తీసి సంచుల్లో వేసుకున్నాడు. సాక్ష్యానికి అవసరమన్నాడు. వాటిని అక్కడే వదిలేయమని ఆమె అతని చేతులు పట్టుకుని బతిమాలింది. భర్త పోయిన ఆడమనిషి, మతి చెదిరిందని అందరూ జాలిపడ్డారు.

బుధవారం మధ్యాహ్నం ఓగ్డెన్ ఆమె ఇంటికి వచ్చాడు. సిరిల్ సంచీ, మ్యాపూ తిరిగిచ్చాడు. ఆమె టీ పెట్టింది. అతను కిటికీకి వీపు పెట్టి కూర్చుని చక్కెర కలుపుకున్నాడు. కనుబొమ్మ మీద చిన్న ప్లాస్టర్ ఉంది.

"అదేమిటి బాబూ?"

"ఏం లేదండీ. కారు దిగుతుంటే ఎవడో ఆకతాయి రాయి విసిరాడు. నిన్నటి నుంచి ఇది మూడోది." సిగ్గుపడుతూ నవ్వాడు. "మొదటిది బఠాణీ గింజంతే ఉంది."

ఆమె, ఆ పదకొండు రాళ్ళూ ఇవాళే పైన పెట్టి రమ్మని, తనూ వెంట వస్తానని అంది.

అతను నొచ్చుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "పరీక్షకి పంపేశామండీ. అక్కడ వాటిని రంపంతో కోసి, పొడి చేసి చూస్తారట. ఇక తిరిగి రావు." జేబులోంచి ఏదో తీసి సాసరులో పెట్టాడు. "ఇవాళ తగిలింది ఇదిగో, చూడండి."

బొటనవేలంత రాయి. తడిగా ఉంది. ఒకవైపు గరుకు. రెండోవైపు రంపంతో కోసినట్టు అద్దంలా నున్నగా ఉంది.

మేవిస్ లేచి వెళ్ళి అతనికీ కిటికీకీ మధ్య నిలబడింది. అలా నిలబడి లాభం లేదని ఆమెకి తెలుసు.