పుట్టీ నిలవని గోడ

కుందలహళ్ళిలో ఆ అద్దింటి హాలుని యజమాని రెండుగా చీల్చి మధ్యలో జిప్సం బోర్డు గోడ నిలబెట్టించాడు. చూడ్డానికి మామూలు గోడే. వేలితో కొడితే మాత్రం లోపల డొల్ల అని తెలిసిపోతుంది. గురువారం సాయంత్రం దానియేలు ఆ గోడకి పిడికిలితో బొక్క పెట్టాడు. ఆ పిడికిలి అతని భార్య సువార్త చెవి పక్కనుంచి దూసుకెళ్ళింది. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని ఆలస్యంగా రావడమే ఆమె చేసిన నేరం.

శనివారం మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటూ అతను అన్నాడు.

"రేపు మనింట్లో ప్రార్థన కూటం. పాస్టరు గారు వచ్చేసరికి అది కనపడకూడదు. పూడ్చెయ్."

"నేనా?"

"ఫోన్లో చూసి చెయ్యి. అదేమన్నా పెద్ద విద్యా?"

కొట్టింది ఆయన. పూడ్చాల్సింది తను. నోటిదాకా వచ్చిన మాటని సువార్త మింగేసి గొడుగు తీసుకుంది. పెళ్ళైనప్పటినుంచీ మింగుతూనే ఉంది. ఆ మాటలన్నీ కడుపులో ఎక్కడో నిప్పుల్లా రాజుకుంటూనే ఉన్నాయి.

సందు చివర హార్డ్‌వేర్ కొట్టు చెన్నరాయప్పది. పుట్టీ డబ్బా, బోర్డు ముక్క, అతుకు మీద అంటించే జాలీ టేపు తీసిపెడుతూ ఏ ఇల్లని అడిగాడు. ఆమె చెప్పగానే అతని చేయి ఆగింది.

"ఆ పైనింటి నడిమి గోడకా? మీకు ముందుండిన ఆయమ్మ కూడా చంటిబిడ్డను ఎత్తుకొని ఈడే పుట్టీ తీస్కపోతా ఉండెనమ్మా. ఎన్నిసార్లు వచ్చెనో!"

"ఇప్పుడెక్కడుంది ఆవిడ?"

"ఎవరికి తెల్సు? ఆయమ్మ మొగుడు ఒక్కడే సామాను లారీలో ఏసుకొని పాయె. ఆయమ్మా బిడ్డా ఊర్లో ఉండారని చెప్పె."

ఇల్లు చేరేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుంది. మూడింటికే మునిమాపులా ఉంది. దానియేలు సోఫాలో కాళ్ళు చాపుకుని క్రికెట్ చూస్తున్నాడు.

సువార్త కత్తితో బొక్క అంచుల్ని చదరంగా కోసింది. చుట్టూ రంగు గీకుతుంటే దాని పక్కనే తెల్లగా మరో అతుకు బయటపడింది. ఇంకాస్త గీకింది. ఇంకోటి... దాని పైన ఇంకోటి. అన్నీ పిడికిలంత. అన్నీ ఆమె తల ఎత్తులోనే ఉన్నాయి.

ఇక్కడే, తను నిలబడ్డ చోటే, ఇంకో మనిషి వీపు గోడకి ఆనించి నిలబడింది. తర్వాత వెళ్ళి పుట్టీ కొనుక్కొచ్చి, తన చేత్తోనే పూడ్చింది. ఎన్నిసార్లో! సువార్తకి దవడలు బిగుసుకున్నాయి.

బొక్కలోంచి వాసన వస్తోంది. చెమ్మ వాసన కాదు. తడిజుట్టు ఆరక మాగితే వచ్చే వాసన.

లోపల కర్రముక్క అడ్డం పెట్టి, దానికి బోర్డు ముక్క బిగించింది. టేపు అంటించింది. పుట్టీ రాసి ఇనప రేకుతో నున్నగా లాగింది. డబ్బా మూతపెట్టి తిరిగేసరికి, పుట్టీ బయటికి ఉబ్బి ఉంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఉబ్బింది. లోపల్నించి ఎవరో మెల్లగా, ఓపిగ్గా తోస్తున్నట్టు...

"అక్కా..."

ఊపిరంత సన్నగా ఉంది ఆ గొంతు.

"మూయొద్దక్కా..."

సువార్త వెనక్కి గెంతింది. బోర్డు ముక్క ఊడి లోపలికి జారిపోయింది. కింద పడిన చప్పుడు కోసం చెవులు రిక్కించింది. చప్పుడు రాలేదు.

"ఇంకా అవలేదా?" దానియేలు లేచొచ్చాడు. నేలమీద ఒలికిన పుట్టీ చూసి ఆమెని భుజంతో నెట్టాడు. "ఒక్క పని చేతకాదు నీకు. తప్పుకో!"

"ఏవండీ, లోపల చేయి పెట్టకండి."

"నాకు చెప్తావా?"

పడిన ముక్క కోసం చేతిని మోచేయిదాకా లోపలికి దించాడు. అదే సమయానికి కరెంటు పోయింది. టీవీ ఆగింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

"సువార్తా..." అతని గొంతు మారిపోయింది. "నా చేయి ఎందుకు పట్టుకున్నావు?"

ఆమె అతనికి బారెడు దూరంలో ఉంది. రెండు చేతులూ గుండెకి హత్తుకుని ఉంది.

"నేను కాదండీ."

అతను లాగాడు. రాలేదు. చెంప గోడకి అతుక్కుపోయింది. ఎముక నలిగిన చప్పుడు... ఆ చప్పుడు ఆమెకి వృత్తిలో బాగా తెలుసు. అతను కేక పెట్టాడు. అంత కేకలోనూ ఆ ఊపిరి గొంతు ఆమెకి స్పష్టంగా వినిపించింది.

"వదలమంటావా... అక్కా?"

సువార్త గోడమీది తెల్లటి అతుకుల్ని చూసింది. వాటి మధ్య నలుగుతున్న భర్త ముఖాన్ని చూసింది. ఇన్నేళ్ళు మింగిందంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. "వద్దు" అనే మాట నాలుక చివరే ఉంది. అతను ఏడుస్తున్నాడు. ఏడవనీ... ఇంకాస్త ఏడవనీ...

తనలోంచి వచ్చిన ఆ ఆలోచనకి తనే జడుసుకుంది.

"వదిలెయ్," అంది.

దానియేలు వెల్లకిలా పడ్డాడు. చేయి మోచేయిదాకా తెల్లగా, పుట్టీ పూసినట్టు బిరుసెక్కి ఉంది.

సువార్త పనిచేసే ఆసుపత్రిలోనే డ్యూటీ డాక్టరు శ్రుతి ఏమైందని అడిగింది. "బాత్రూంలో జారాను," అన్నాడు దానియేలు గబుక్కున.

"జారలేదు," అంది సువార్త. గొంతు పెద్దదైంది, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "నన్ను కొట్టబోయి గోడకి బొక్క పెట్టాడు. అందులోనే చేయి ఇరుక్కుంది. అలాగే రాయండి డాక్టర్. నేనిక ఆ ఇంటికి వెళ్ళను."

అతను ఆమెకేసి చూడలేదు. శ్రుతి తడిదూదితో అతని చేతిమీది తెలుపుని తుడవసాగింది. మణికట్టు దగ్గర ఆగింది. దీపం దగ్గరికి లాక్కుని వంగి చూసింది. చర్మంలోకి దిగబడిన వేళ్ళ గుర్తులు, చుట్టూ నల్లగా కమిలి ఉన్నాయి. పొట్టి పొట్టి వేళ్ళు... ఒక్కోటి చిక్కుడుగింజంత.

"సిస్టర్," అంది శ్రుతి మెల్లగా, "మీ ఇంట్లో పాలుతాగే పిల్లలెవరైనా ఉన్నారా?"