సీరి భుజానికి సరిపోయే తుపాకీ

ఆ శనివారం పొద్దున వంటింటి బల్లకు ఒక కొసన హెల్మి యాలకుల రొట్టెకు పిండి మర్దిస్తోంది. రెండో కొసన ఆమె భర్త ఆర్విడ్ కాంగస్ పాత పేపరు పరిచి, రైఫిల్ గొట్టంలోకి నూనె గుడ్డ తోస్తున్నాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. నలభై ఏళ్లు అడవుల్లో దుంగల లారీ తోలినవాడు. సెలవు రోజైనా పెళ్ళికొడుకులా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

"పిండికి ఆ వాసన పట్టిందంటే రొట్టె మొత్తం నీ చేతే తినిపిస్తా," అంది హెల్మి.

"తింటాలే. ఇవాళ నువ్వు గులకరాళ్లు వడ్డించినా తింటాను."

ఆయన హుషారుకు కారణం మనవరాలు సీరి. ఆ పిల్లకు మొన్ననే పన్నెండు నిండాయి. నవంబరు పదిహేనున, జింకల వేట మొదలయ్యే రోజున, తాతతో పాటు అడవిలోని గుడిసెకు వస్తానని తనంతట తానే అడిగింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆర్విడ్ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయనకు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురు నోరీన్ పదమూడో ఏట ఒక్కసారి వేటకు వచ్చి, ఒక్క తూటా పేల్చి, "నాకు నచ్చలేదు" అని తుపాకీ గోడకు ఆనించేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా మళ్ళీ ముట్టలేదు. ఇక ఈ రైఫిల్ తనతోనే ఆగిపోతుందని ఆయన ఏనాడో అనుకున్నాడు.

అది ఆయన తండ్రి రాగి గనిలో పనికి చేరిన ఏడాది కొన్నది. వెనక బరువైన వాల్‌నట్ చెక్క పిడి, అది భుజానికి ఆనే చోట ఇనుప పట్టీ.

"మా నాన్న చేతి నుంచి నాకొచ్చింది. నా చేతి నుంచి సీరికి వెళ్తుంది," అన్నాడు గొట్టంలోకి ఒంటికన్నుతో చూస్తూ.

"మధ్యలో నోరీన్ ఒకతె ఉంది, గుర్తుందా?"

"నోరీన్ కొట్టింది జింకనా? ఆకాశాన్ని. పాపం, ఆకాశం కూడా తప్పించుకుంది." ఏటా వేట గుడిసెలో చెప్పే హాస్యమే అది. చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వుతాడు.

ఆ నవ్వు ముగియకముందే వాకిట్లో కారు ఆగింది. సీరి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి లోపలికి దూసుకొచ్చింది. వెనక నోరీన్ నెమ్మదిగా వచ్చింది. ఆమె బడిలో నర్సు. భర్త సరస్సు మీద ఖనిజం మోసే ఓడలో పనిచేస్తాడు. నీళ్లు గడ్డకట్టేదాకా ఇంటికి రాడు.

"తాతా, వెళ్దామా? నేను రాత్రంతా నిద్రపోలేదు," అంది సీరి.

"నేను మటుకు నిద్రపోయానా?" అన్నాడు ఆర్విడ్.

నోరీన్ కోటు విప్పకుండానే అంది. "నాన్నా, ముందు ఊళ్లో బెవ్ తుపాకుల కొట్టుకు వెళ్దాం. పిల్లలకని చిన్న చెక్కతో, పేలినప్పుడు భుజాన్ని తక్కువ తన్నేవి ఉంటాయట. అన్నీ దీని చేతికిచ్చి చూద్దాం."

"బొమ్మ తుపాకులా? ఇంట్లో పులిలాంటిది ఉండగా పిల్లిని కొనడం ఏమిటే?"

"పులిని మొయ్యాల్సింది సీరి కదా. పిల్ల బరువే ముప్ఫై ఆరు కిలోలు నాన్నా."

"నేను పన్నెండో ఏట మోశాను."

ఇద్దరూ సీరి వైపు చూశారు. ఆ పిల్ల తాత ముఖం చూసింది. పుట్టినరోజున పిల్లల ముఖాల్లో కూడా అంత వెలుగు ఉండదు. "నాకు తాతదే కావాలి," అంది.

ఆర్విడ్ బల్ల మీద అరచేత్తో చరిచాడు. పిండి ఎగిరి హెల్మి కళ్లద్దాల మీద పడింది.

ముగ్గురూ ఆర్విడ్ ట్రక్కులో ఊరి బయటి పాత కంకర క్వారీకి వెళ్లారు. అక్కడ వాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆర్విడ్ గురి కాగితం నిలబెట్టి, ఇసుక మూటల మీద రైఫిల్ ఆనించి, సీరి చెవులకు మూతలు తానే సర్దాడు. రైఫిల్ చెక్క సీరి మోచేతిని దాటి పొడుచుకొస్తోంది. తుపాకీ మీది దుర్భిణిలో కన్ను కుదరాలంటే మెడ ముందుకు సాగదీయాలి. అదంతా ఆయన కంటికి ఆనలేదు. ఆ చెక్క మీద ఆ చిన్న చెంప ఆనుకుని ఉండటమే కనబడింది.

తుపాకీ పేలింది. సీరి భుజం వెనక్కి విసురుగా పోయింది. కాగితానికి ఏమీ తగల్లేదు.

"ఎలా ఉంది తల్లీ?"

"బాగానే ఉంది తాతా."

రెండోది. మూడోది. నాలుగోది కాగితం అంచును చింపుకుంటూ పోయింది. "అదిగో, దారిలో పడ్డాం," అన్నాడు ఆర్విడ్ చేతులు రుద్దుకుంటూ. సీరి కళ్లలో నీళ్లున్నాయి. గాలికేమో అనుకున్నాడు.

అప్పుడు నోరీన్ ముందుకొచ్చింది. "ఈసారి తూటా నేను పెడతాను. సీరీ, నువ్వు అటు తిరుగు." ఆమె జేబులోంచి తీసి పెట్టింది తూటా కాదు, మందులేని డొల్ల తూటా. బోల్టు మూసి, పక్కకు తప్పుకుని, తండ్రి చెవిలో అంది. "కాగితం వైపు కాదు నాన్నా. దాని ముఖం వైపు చూడు."

సీరి ఊపిరి బిగబట్టింది. కళ్లు రెండూ గట్టిగా మూసుకుంది. మీట నొక్కింది. టిక్కుమని చప్పుడు మాత్రమే వచ్చింది. కానీ గొట్టం బెత్తెడు కిందికి కుంగింది. రాని దెబ్బకు ఆ చిన్న ఒళ్లంతా ముడుచుకుపోయింది.



"మెల్లగా అలవాటవుతుంది," అన్నాడు ఆర్విడ్.

నోరీన్ కూతురి చొక్కా మెడ పక్కకు తీసింది. భుజం మీద ఇనుప పట్టీ అచ్చు ఎర్రగా లేచి ఉంది. "దీనికా అలవాటవ్వాల్సింది?"

"నువ్వు నర్సువి. నీకు గీరుకుపోయినా గాయమే. అది కావాలంటోంది, నువ్వు వద్దంటున్నావు. నీకు నచ్చలేదని దాన్నీ మాన్పిస్తావా?"

"నాకు నచ్చలేదని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. ఒక్క తూటా గాలికి పేల్చి."

"గాలికి కాదు." నోరీన్ గొంతు పెద్దగా లేదు. కానీ సీరి చెవి మూతలు తీసేసింది. "తగిలింది నాన్నా. నేను కళ్లు మూసుకునే కాల్చాను, ఇప్పుడిది కాల్చినట్టే. తెరిచేసరికి ఆ జింక వెనక కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోతోంది. నువ్వొచ్చి అడిగితే తప్పిందన్నాను."

ఆర్విడ్ చేతిలోని తూటాల పెట్టె కింద పెట్టేశాడు.

"వరసగా మూడు రోజులు బడి ఎగ్గొట్టి వెతికాను. మొదటి రోజు ఆకుల మీద రక్తం చుక్కలు కనబడ్డాయి. రెండో రోజు మంచు పడింది. మూడో రోజు బురదనేల అవతల కాకులు ఎగురుతున్నాయి. నేను దగ్గరికి వెళ్లలేకపోయాను. ఆ ఏడే గుడిసెలో నువ్వు ఆకాశం జోకు మొదలుపెట్టావు. నీ స్నేహితులంతా నవ్వారు. నేనూ నవ్వాను."

"ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నాను," అన్నాడు ఆర్విడ్ నెమ్మదిగా. "ఒక్కసారైనా నోరు ముయ్యమని ఎందుకనలేదే?"

"నువ్వు నాకోసం ఆ చెక్క మీద కొత్తగా మెరుగు పూశావు నాన్నా. నా పేరు చెక్కిస్తానన్నావు. అది నన్ను తన్నుతుందని నీకెలా చెప్పను?"

ఆర్విడ్ వెళ్లి ట్రక్కు వెనక బల్ల మీద కూలబడ్డాడు. మంకీ టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కూతురు చెప్పిన కాకుల వైపే చూస్తున్నట్టు చాలాసేపు దూరంగా చూశాడు. సీరి భయం భయంగా వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, నీ మీద కోపం లేదు. నిజంగా నొప్పి కొంచెమే."

ఆ మాటతో ఆయన కళ్లు నిండిపోయాయి. "నిజం చెప్పనా? నా పన్నెండో ఏట మా అమ్మ ఉన్ని మేజోళ్లు రెండు మడిచి కోటు లోపల భుజం దగ్గర కుక్కుకునేవాణ్ణి. మా నాన్న కంటపడకుండా. రెండేళ్లు నేనూ కళ్లు మూసుకునే కాల్చాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"మా నాన్నకు 'బాగానే ఉంది' అని చెప్పీ చెప్పీ, బాగానే ఉందని నేనే నమ్మేశాను తల్లీ."

నోరీన్ కంకర మీద అడుగులేస్తూ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆర్విడ్ ఆమె చెయ్యి పట్టుకుని అన్నాడు. "ఆ జింకను ఇద్దరం కలిసి వెతకాల్సింది. నిన్ను ఒంటరిగా వదిలేశాను. నాదే తప్పు నోరీన్."

ఆమె వంగింది. పదమూడేళ్ల పిల్లలా తండ్రి భుజంలో ముఖం దాచుకుంది. వాళ్లిద్దరూ అలా ఎంతసేపు ఉంటారో తెలియక, సీరి కాసేపాగి అడిగింది. "బెవ్ కొట్టు ఎన్నింటికి మూస్తారు?"

ముగ్గురూ ఒక్కసారే నవ్వారు.

బెవ్ కొట్టులో గోడ నిండా తుపాకులు. సీరి తల ఎటు తిప్పాలో తెలియక బొంగరంలా తిరుగుతోంది. చేయి పెట్టిన మొదటిది అన్నిటికన్నా పెద్ద దుర్భిణి ఉన్నది.

"దాంతో చంద్రుడి మీద కుందేళ్లను కొట్టొచ్చు," అంది బెవ్. అరవై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో సగం మందికి తొలి తుపాకీ తన చేత్తోనే ఇచ్చింది. "గులాబీ రంగుది కూడా ఒకటుంది. చూస్తావా?"

"జింకలు నవ్వుతాయి," అంది సీరి.

"అయితే నీకు బుద్ధి ఉంది. మోచెయ్యి మడువు." బెవ్ ఒక్కో రైఫిల్ చెక్కను ఆ మడతలో ఆనించి, వేలి కొస మీట దాకా అందుతుందో లేదో చూసింది. రెండు పొడుగయ్యాయి. ఒకటి తేలికే గానీ, "తేలికైన కొద్దీ ఎక్కువ తంతుంది, గాడిద పిల్లలాగ," అని పక్కన పెట్టేసింది. నాలుగోది ఎవరో వాడి ఇచ్చింది, టూ-ఫార్టీ-త్రీ రకం. చిన్న తూటా, పొట్టి చెక్క, చివర మెత్తటి రబ్బరు. పిల్ల పెరిగిన కొద్దీ చెక్కకు ముక్కలు జోడించుకోవచ్చు.

"ఆర్విడ్, నీ ఫిరంగి సంగతేమిటి?" అంది బెవ్ కొంటెగా.

"దానికి వయసైపోయింది. నాతో పాటు కూర్చుంటుంది."

"కళ్లు మూసుకుని భుజానికెత్తు పాపా. ఇప్పుడు తెరువు. దుర్భిణిలో ఏం కనిపిస్తోంది?"

సీరి మెడ సాగదీయలేదు, చెంప కదపలేదు. "అన్నీ," అంది. ఆ ఒక్క మాటకే ఆర్విడ్ గుండె గంతులేసింది. తుపాకీ కొనేసి, ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగలేక, దారిలోనే ట్రక్కు క్వారీ వైపు తిప్పాడు.

మూడు తూటాలు. మూడు రంధ్రాలు. మూడింటినీ సీరి అరచేయి కప్పేసింది. నాలుగోసారి ఆర్విడే డొల్ల తూటా పెట్టాడు. టిక్కుమంది. గొట్టం కదలలేదు. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. డెబ్బై ఒక్కేళ్ల మనిషి కంకర మీద చిందేసినంత పని చేశాడు. సీరి రైఫిల్ తెరిచి, ఖాళీ చేసి, తల్లి వైపు చాపింది.

"ఇప్పుడు నువ్వు."

నోరీన్ చేతులు వెనక్కి పెట్టుకుంది. తర్వాత ముందుకు తెచ్చింది. ఆమె కాల్చింది ఒక్కటే. కాగితం దగ్గరికి ముగ్గురూ పరుగెత్తారు. అది నట్టనడుమ తగలలేదు. కానీ తగిలింది.

నవంబరు పదిహేను తెల్లవారుజామున తల్లీకూతుళ్లు అడవి అంచున చెక్క మంచెలో కూర్చున్నారు. మంచెలో సుఖంగా ఇద్దరికే చోటు. ఆర్విడ్ గుడిసెలో పొయ్యి దగ్గర ఉండిపోయాడు. మాంసం, దుంపలు కూరిన కజ్జికాయలు వేడెక్కుతున్నాయి. ఆయన చెవులన్నీ తలుపు అవతలే ఉన్నాయి. దూరాన ఎవరివో తుపాకులు పేలాయి. మంచె వైపు నుంచి మాత్రం ఏమీ వినబడలేదు. ఎనిమిదయింది. పది దాటింది. ఆయన బయటికి వెళ్లాడు, లోపలికొచ్చాడు, మళ్ళీ వెళ్లాడు.

మధ్యాహ్నం సీరి మంచులో ఎగురుకుంటూ వచ్చింది. బుగ్గలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి.

"తాతా, ఎనిమిది కొమ్మల జింక. ఎనభై అడుగులు కూడా లేదు. దాని ఊపిరి పొగ కనబడింది. నా గుండె చప్పుడు దానికి వినిపిస్తుందేమో అనుకున్నా."

"మరి?"

"పొద వెనక నిలబడింది. తల కనబడుతోంది, తోక కనబడుతోంది, గుండె ఉన్న చోటు కనబడటం లేదు. తుపాకీ సేఫ్టీ తాళం తీశాను. వంద లెక్కపెట్టాను. కదల్లేదు. అందుకని సేఫ్టీ మళ్ళీ పెట్టేశాను. అది వెళ్లిపోయింది." ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. "అమ్మ ఏమీ చెప్పలేదు. నేనే."

ఆర్విడ్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వెనకనే వచ్చిన నోరీన్ కళ్లు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి.

"జింక రాగానే నేను మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాను నాన్నా," అంది. "ఇది మూసుకోలేదు."

ఆయన ఒక చేత్తో కూతుర్ని, ఒక చేత్తో మనవరాలిని దగ్గరకు లాక్కున్నాడు. వాళ్ల కోట్ల మీది మంచు ఆయన చొక్కాను తడిపేసింది. ఎప్పుడూ తను అందరికీ చోటు చూపించే మనిషి, ఆ రోజు చిన్నపిల్లాడిలా అడిగాడు.

"రేపు ఆ మంచెలో నాకు కాస్త చోటిస్తారా?"

సీరి తల్లి వైపు చూసింది. నోరీన్ తలూపింది.

"ఇస్తాం గానీ తాతా," అంది సీరి, "గురకపెట్టకూడదు."