నివ్వెర మిగులు

ముప్పై ఎనిమిదో మనిషి రోమ్ ప్రణాళికను మేఖల ఖరారు చేసేసరికి తిరుపతిలో పదిన్నర అయింది. రోమ్‌లో ఇంకా ఏడు. మార్కాపురం బృందం నలభై మందీ నగర ద్వారం బయటి విడిదిలో టిఫిన్లు ముగించి, ఛాతీల మీద ఊపిరిబిళ్ళలు తగిలించుకుంటున్నారు. బిళ్ళ ఆ పూట శ్వాసను కొలిచి, మనిషి మాటతో సహా తిరుపతికి పంపుతుంది. ఆ అంకెను బట్టి ఎవరు ఏ దారిన వెళ్ళాలో, ఏ గుమ్మం ముందు ఎంతసేపు ఆగాలో మేఖల తేల్చాలి. మనిషికి మూడు వేల ఊపిర్లు, జన్మకు ఒక్కసారి. అంతకు మించితే మనుషుల ఊపిరి చెమ్మకే ఆ పాత గోడలు కరిగిపోతాయని తేలి అరవై ఏళ్ళయింది.

రోమ్ యాత్రను తిరుపతిలో కూర్చుని నడపడమేమిటని మొదట్లో లోకమంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. లక్ష మందిని ఒక్క గుమ్మం ముందు నుంచి ఒద్దికగా దాటించడం తరతరాలుగా తెలిసిన ఊరు ఇంకెక్కడుంది? రోమ్ తరువాత మరో ఆరు రాజధానులు తమ వరుసలను ఈ ఊరి చేతిలోనే పెట్టాయి.

ఆ ముప్పై ఎనిమిదో ఆయన కొలోసియంలోకి రాహుకాలంలో అడుగు పెట్టనన్నాడు. "మార్కాపురం రాహుకాలమా, రోమ్‌దా సార్?" అని మేఖల అడిగితే కాసేపు ఆలోచించి, "ఎందుకైనా మంచిది, రెండూ తప్పించమ్మా" అన్నాడు. తప్పించింది.

పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నా మేఖల రోమ్‌ను చూడలేదు, కనీసం ఫొటోలో కూడా. ప్రణాళికలు వేసేవాళ్ళకు బొమ్మలు చూపరు. చూస్తే అందమైన చోట మనుషులను ఎక్కువసేపు నిలబెడతారని భయం. ఆమెకు తెరమీద కనిపించేవి ఊపిరి గీతలే. మెట్ల దగ్గర గీత ఎగశ్వాసతో పైకి లేస్తుంది. ఫౌంటెన్ దగ్గర కుదుటపడుతుంది. పాంథియన్ అనే పాత గుడి గుమ్మటం కింద అడుగు పెట్టగానే మాత్రం, ఏ దేశం మనిషిదైనా, ఏ వయసుదైనా, గీత ఆగిపోతుంది. కొన్ని క్షణాల పాటు ఎవరూ ఊపిరి తీసుకోరు. అక్కడ ఏముందో తెలియకుండానే మేఖల ఆ చోటికి లోలోపల దణ్ణం పెట్టుకునేది.

అలా తీసుకోకుండా వదిలేసిన ఊపిర్లు మనిషికి తొమ్మిదో పదో మిగులుతాయి. ఆఫీసులో వాటిని నివ్వెర మిగులు అంటారు. రోజూ పదకొండింటికి యంత్రం నిన్నటి మిగులును చెరిపేస్తుంది.

ముప్పై తొమ్మిదో బిళ్ళ నిమిషానికి ముప్పై నాలుగు చూపించింది. మేఖల ఉలిక్కిపడింది. ఓబులమ్మ, అరవై ఏడేళ్ళు, పలకల గనిలో పనిచేసిన మనిషి. దరఖాస్తు నాడు ఇరవై రెండే ఉంది. ఆ లెక్కనే మిగతావన్నీ కొట్టేసి ఒక్క గుమ్మటానికే ప్రణాళిక వేసింది మేఖల. పోవడానికి యాభై నిమిషాలు, రావడానికి యాభై, లోపల అరగంట.

"ఓబులమ్మగారూ, ఆయాసంగా ఉందా?"

"ఈడ చలి గదా తల్లీ, రొమ్ము పట్టేసింది. యాభై ఏళ్ళు పలక కొట్టినా. ఆ దుమ్మంతా లోపల్నే ఉండాది. ఏం, పోనీరా నన్ను?"

మేఖల మళ్ళీ లెక్క వేసింది. ముప్పై నాలుగు చొప్పున మూడు వేలు ఎనభై ఎనిమిది నిమిషాలకే అయిపోతాయి. సగం తిరుగు దారికి దాచాలి కాబట్టి నలభై నాలుగో నిమిషంలో, గుమ్మటం ఇంకా ఆరు నిమిషాల నడక ఉందనగా బిళ్ళ మోగుతుంది. వెనక్కి తిరగాలి. చక్రాల కుర్చీలో పంపుదామంటే తోసేవాడూ ఊపిరి పీల్చాలి కదా! పద్నాలుగు వందల ఇరవై ఊపిర్లు తక్కువ.

దాచకుండా చెప్పేసింది.

"రాయి నా ఊపిరి తిన్నన్నాళ్ళూ ఎవురూ అడగలా. ఇప్పుడు నా ఊపిరి రాయిని తింటదంట," అని ఓబులమ్మ నవ్వింది. తరువాత నవ్వు మానేసి, "దూలం లేకుండా, స్తంభం లేకుండా అంత కప్పు ఎట్టా నిలబెట్టారో చూద్దామనుకున్నా అమ్మాయ్. ఇంకేమీ వద్దు నాకు" అంది.

మేఖల లేచి షిఫ్టు అధికారి సుధన్వగారి దగ్గరికి వెళ్ళింది.

"సార్, నిన్నటి నివ్వెర మిగులు ఐదు వేల పైన ఉంది. అందులోంచి ఆమెకు ఇద్దాం."

"ఎవరి ఊపిరి వాళ్ళది మేఖలా. ఒకరిది ఇంకొకరికి ఎలా ఇస్తాం?"

"వాళ్ళు తీసుకోలేదు కదా సార్. అక్కడే వదిలేసి వెళ్ళారు."

"వదిలేసినదాన్ని చెరపమనే నియమం. పాపం అనిపిస్తే అనిపించొచ్చు, నాకూ అనిపిస్తోంది. కుదరదు."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చేసరికి పదకొండుకు మూడు నిమిషాలుంది. మిగులు పట్టిక తెరిచి, పద్నాలుగు వందల ఇరవై విడదీసి, మార్కాపురం బృందం ప్రణాళికలోకి తోసింది. యంత్రం కారణం అడిగింది. అనారోగ్యం, వర్షం, ద్వారం ఆలస్యం, ఈ మూడే దానికి తెలిసిన కారణాలు. మేఖల నాలుగోది రాసింది: నివ్వెరపాటు. తెరమీద ఆమె ఎన్నడూ చూడని గడి ఒకటి తెరుచుకుంది. ఎవరికి? అని ఉంది అందులో. ఓబులమ్మ, అని రాసి నొక్కింది. ఉద్యోగం పోతే పోయింది అనుకుంది గానీ, అంత ధైర్యంగా ఏమీ అనుకోలేదు.

రద్దు చేసే అధికారం సుధన్వగారిది. ఆయన తెరమీదికి హెచ్చరిక వెళ్ళనే వెళ్ళింది. "సాయంత్రంలోగా వివరణ రాసివ్వు" అని మాత్రం అన్నారు. భోజనానికి కూడా లేవలేదు. రద్దూ చేయలేదు.

మూడూ ముప్పావుకు ఓబులమ్మ ద్వారం దాటింది. అక్కడ మిట్టమధ్యాహ్నం. మేఖల మిగతా పనులన్నీ పక్కన పడేసి ఆ ఒక్క గీతనే చూస్తూ కూర్చుంది. గీత రంపంలా కోసుకుంటూ నడిచింది. నలభై నాలుగో నిమిషం వచ్చింది, పోయింది. బిళ్ళ మోగలేదు. యాభయ్యో నిమిషంలో గుమ్మం.

గీత ఆగిపోయింది.

ఐదు సెకన్లు. తొమ్మిది. పన్నెండు. ఆ ఊపిరితిత్తులకు పన్నెండు సెకన్లంటే మాటలా? మేఖల కుర్చీలోంచి లేచిపోయింది. "ఓబులమ్మగారూ!" అని అరిచేసింది.

గీత కదిలింది. నిమిషానికి ఇరవై చొప్పున, చెరువు నీళ్ళంత నెమ్మదిగా.

"అరవబాక తల్లీ, ఈడ గట్టిగా మాట్టాడబుద్ధి కావట్లా," అంది ఓబులమ్మ గుసగుసగా. "నడిమద్దెలో పెద్ద బెజ్జం పెట్టి వదిలేశారు. ఆకాశం కనపడతంది. అందులోనించి ఎండ దిగొచ్చి నేల మీద నిలబడుంది అమ్మాయ్, మనిషి నిలబడినట్టు. కప్పుకి గూళ్ళు గూళ్ళుగా తొలిచి బరువు తీసేశారు. పైకి పోయేకొద్దీ పల్చన చేసుకుంటా పోయినారు. ఎవురో గానీ, రాయి కాడ కూచుని దాంతో మాట్టాడినోళ్ళు వాళ్ళు. యాభై ఏళ్ళు రాయిని తిట్టుకున్నా నేను. ఇంత గొప్పదని తెలవదు."

పదకొండేళ్ళ గీతల వెనక ఉన్నది ఇదా! కళ్ళు తుడుచుకుందామన్న ధ్యాస కూడా లేకుండా మేఖల విన్నది. వెనక సుధన్వగారు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో తెలియదు. ఆయనా వింటున్నారు.

తిరిగి ద్వారం చేరేసరికి ఓబులమ్మ దగ్గర నాలుగు వందల పైచిలుకు ఊపిర్లు మిగిలాయి. బిళ్ళ అడిగింది: ఎవరికి?

"ఇదేంది, నన్నడగతంది? మా ఈరమ్మకి ఇయ్యమను. నా పక్కనే పలక కొట్టింది. ఊపిరి చాలదని దరఖాస్తు కాడే ఆపేశారు దాన్ని."

మేఖల మార్చింది ఒక్కరి లెక్కే అయినా, ప్రణాళిక బృందం మొత్తానిది. ఓబులమ్మ వెనక వస్తున్న ప్రతి బిళ్ళా అదే ప్రశ్న అడిగింది. జవాబులు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. మస్తానమ్మ. పెద్ద తిరుపాలు. హుసేన్‌బీ. అందరూ గని మనుషులే, అందరూ దరఖాస్తు దగ్గర ఆగిపోయినవాళ్ళే. రేపు చెరపవలసిన పట్టికలో మార్కాపురం బృందానికి ఎదురుగా సున్నా వచ్చి నిలిచింది.

సుధన్వగారు పక్క బల్ల దగ్గర్నుంచి కుర్చీ లాక్కుని మేఖల పక్కన కూర్చున్నారు.

"ఈరమ్మ దరఖాస్తు తియ్యి," అన్నారు. "ఎన్ని తక్కువయ్యాయో చూద్దాం."